గండికోట లోయ : ఆధునిక శాస్త్రపరిశోధనల వైవిధ్యము

'పరిశోధన' యను మాటను మనము ఏకవచనముననే వాడుచున్నాము. ప్రయోగశాలలో స్ఫటికముల తూకము చూచువాడు చేయునదియు పరిశోధనయే. దేవాలయ ప్రాంగణమున శాసనపు అచ్చు తీయువాడు చేయునదియు పరిశోధనయే. చిట్టడవిలో రాత్రులు గడపి పక్షి జాడను వెదకువాడు చేయునదియు పరిశోధనయే. పేరొకటి యగుటచే పనియు ఒకటే యను భావము కలుగుట సహజము. ఈ భావమునుండి రెండు పొరపాటులు పుట్టుచున్నవి. కొలతలతోను యంత్రములతోను సాగునది మాత్రమే నిజమైన పరిశోధనయనియు, తక్కినవి దానికి నీడలనియు తలచుట మొదటిది. ఒక శాస్త్రమిచ్చిన తీర్పును ఆ శాస్త్రమడుగని ప్రశ్నకు సైతము సమాధానముగా స్వీకరించుట రెండవది. మొదటి పొరపాటువలన కొన్ని శాస్త్రములకు గౌరవలోపము కలుగును; రెండవదానివలన ప్రజలకు నష్టము కలుగును.

శాస్త్రములు మూడు విషయములలో ఒకదానితో నొకటి భేదించుచున్నవి. అడుగు ప్రశ్న వేఱు. ప్రమాణముగా గ్రహించునది వేఱు. పరిశోధించుటకు లభించు కాలావకాశము వేఱు. ఇందు మొదటి రెండింటిని గుఱించి పండితులు తఱచుగా చర్చించుచుందురు. మూడవదానిని గుఱించిన చర్చ అరుదు. కాని ఆచరణలో ఎక్కువ ఫలభేదమును కలిగించునది ఆ మూడవదియే యని ఈ వ్యాసమున నిరూపింప యత్నించుచున్నాను.

ఈ భేదములను సిద్ధాంతరూపమున వర్ణించుటకంటె, ఒక స్థలమును గ్రహించి దానిని పలుశాస్త్రము లెట్లు చూచినవో పరిశీలించుట సుబోధకము. అందుకు కడప జిల్లాలోని గండికోటకంటె అనువైన చోటు తెలుగుదేశమున అరుదు. కొండల నడుమ ఏఱు తొలుచుకొనిన త్రోవను తెలుగున గండి యందురు. జమ్మలమడుగునకు పడమట ఎఱ్ఱమల కొండలను పెన్నానది నిలువున కోసికొని పోయినది. ఆ గండి యంచున నిర్మింపబడిన దుర్గమగుటచే దానికి గండికోట యని పేరు వచ్చినది. మాధవరాయని ఆలయము, రంగనాథుని ఆలయము, జుమ్మా మసీదు, ధాన్యాగారము కోటలో నేటికిని నిలిచియున్నవి. లోయ యంచున నిలుచుండి చూచువానికి ఎఱ్ఱని రాతిపలకలు ఒకదానిపై నొకటి పేర్చినట్లును, వాని యడుగున నది సన్నని దారముగాను కనబడును. చూచువాడు యాత్రికుడైనచో ఆ దృశ్యముతో తృప్తిపడును. పరిశోధకుడైనచో ఏదియో యొక ప్రశ్న నడుగును. ఆ ప్రశ్ననుబట్టియే అతడే శాస్త్రమువాడో తెలియును.

ముందుగా భూశాస్త్రమును చూతము. ఈ రాళ్ళను క్రమముగా పరిశీలించి వర్ణించినవాడు భారత భూశాస్త్ర సర్వేక్షణ శాఖకు చెందిన విలియమ్ కింగు. కడప, కర్నూలు శిలాసమూహములను గుఱించి ఆయన రచించిన గ్రంథము 1872లో వెలువడినది. ఆయనయు, ఆయన తరువాతి వారును రాతిపొరలకు పేరులు పెట్టవలసివచ్చినపుడు, ఆ పొరలు స్పష్టముగా కనబడు ఊళ్ళ పేరులనే గ్రహించిరి. అందుచే గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, జమ్మలమడుగు అను నామములు నేడు ప్రపంచ భూశాస్త్రగ్రంథములలో పారిభాషిక పదములై వెలయుచున్నవి. పాపఘ్ని, చిత్రావతి నదుల పేరులు శిలావర్గముల పేరులైనవి. మనయూళ్ళ పేరు లెచ్చటనో దూరదేశపు విద్యార్థి పాఠములలో పరీక్షాంశములై యుండగా, తెలుగు విద్యార్థి వానిని బస్సు నిలుచు చోటులుగా మాత్రమే ఎఱుగుట విచారకరము.

కింగువంటి వారి సాధనములు స్వల్పములు: సుత్తి, దిక్సూచి, కాలినడక, నిశితమైన చూపు. వారి ప్రధాన సూత్రమును గోడ కట్టువాడెవ్వడైనను ఎఱుగును. క్రింది వరుస ముందు పెట్టబడినది. పై వరుస తరువాత పెట్టబడినది. ఈ సూత్రముచే వేంపల్లె సున్నపురాతికి పైన పులివెందుల పలుగురాయి, దానిపై తాడిపత్రి షేలురాయి, దానిపై గండికోట పలుగురాయి యను వరుస యేర్పడినది. ఇచట పలుగురాయి యనగా పూర్వమొక సముద్రపు టంచున పేరుకొనిన ఇసుక కాలక్రమమున ఒత్తిడికి లోనై మిక్కిలి గట్టిపడిన శిల. వేంపల్లె సున్నపురాతిలో గుండ్రని అలలవంటి గీతలు గలవు. అవి అలంకారములు కావు. లోతులేని నీటిలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పెరిగి విడిచిపోయిన గుఱుతులవి. వెన్నెముకగల ప్రాణి యేదియు భూమిపై పుట్టక పూర్వమే జీవము అచట నివసించినదనుటకు అవి సాక్ష్యములు.

కాని పొరల వరుస చెప్పగలిగినది ముందువెనుకలను మాత్రమే. ఎంతకాలము ముందు, ఎంతకాలము వెనుక యను ప్రశ్నకు అది సమాధానము చెప్పజాలదు. అందుకు వేఱొక శాస్త్రము తోడ్పడవలసివచ్చెను. తాడిపత్రి షేలురాతి పొరల నడుమ, భూగర్భమునుండి కరగి చొచ్చుకొనివచ్చి గడ్డకట్టిన నల్లరాతి పలకలు గలవు. అందలి కొన్ని సూక్ష్మస్ఫటికములు ఏర్పడునపుడు యురేనియమును తమలో చేర్చుకొనును, సీసమును చేరనీయవు. యురేనియము మిక్కిలి నెమ్మదిగా సీసముగా మాఱుచుండును. దాని ప్రధానరూపము సగము తరుగుటకు సుమారు 447 కోట్ల సంవత్సరములు పట్టును. కావున స్ఫటికములో ఎంత సీసము చేరినదో కొలిచినచో, అది పుట్టి ఎంతకాలమైనదో లెక్కింపవచ్చును. ఈ విధముగ పులివెందుల ప్రాంతపు నల్లరాతి వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరములని 2008లో ప్రకటింపబడినది.

గండికోట పలుగురాతి విషయమున ఫలితము మఱింత ఆశ్చర్యకరము. అందలి జిర్కాను అను ఖనిజపు రేణువులను ఇదే రీతిగా పరీక్షింపగా, ఆ శిల సుమారు 118 కోట్ల సంవత్సరములకు ఈవలనే ఏర్పడినదని 2015లో ప్రకటింపబడినది. ఇచట యుక్తిని జాగ్రత్తగా గమనింపవలెను. రేణువు వయస్సు శిల వయస్సు కాదు. కోటగోడలో పాత ఆలయపు స్తంభమొకటి ఇమిడియున్నచో, స్తంభము తేదీ గోడ తేదీ కానేరదు. గోడ ఆ స్తంభమునకు తరువాతిదని మాత్రమే అది చెప్పును. అట్లే ఇసుకరేణువులలో అన్నింటికంటె చిన్నదాని వయస్సును గ్రహించి, శిల అంతకంటె చిన్నదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. దీనివలన అదే చిత్రావతి వర్గమునకు చెందినవిగా ఎంచబడుచు వచ్చిన అడుగుపొరలకును, గండికోట పొరకును నడుమ 70 కోట్ల సంవత్సరములకు మించిన వ్యవధి కలదని తేలినది. గండికోట శిలను కర్నూలు వర్గముతో చేర్చదగునేమో యను ఆలోచన బయలుదేరినది.

దీనిచే పూర్వులు పొరబడిరని చెప్పుట న్యాయము కాదు. గండికోట పొర పైది, తాడిపత్రి పొర క్రిందిది యను వారి మాట నేటికిని నిజమే. మాఱినది ఆ రెండు పొరల నడుమ మనము ఊహించుకొనిన కాలము. పాతశాస్త్రమును కొత్తశాస్త్రము త్రోసివేయలేదు; అది అడుగజాలని ప్రశ్నను తానడిగినది.

లోయను విడిచి పెన్నానది దిగువకు, ప్రొద్దుటూరు వైపునకు వచ్చినచో, రాతిని చదువు మఱియొక విధానము కనబడును. ఇచట రాయి వయస్సు అనవసరము; రాతిపై మనుష్యుడు చెక్కిన యక్షరము ముఖ్యము. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కమలాపురము, పులివెందుల ప్రాంతములు పూర్వము రేనాడని పిలువబడినవి. ఎఱ్ఱగుంట్లకు సమీపమునందలి కలమళ్ళ దేవాలయ ప్రాంగణమున లభించిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము, ఇంతవఱకు లభించిన తెలుగు శాసనములలో మొదటిదిగా పండితులు సామాన్యముగా పరిగణించుచున్నారు. దాని కాలము క్రీ. శ. 575 ప్రాంతమని చెప్పుదురు. కాని ఆ శాసనమున శకవర్షము చెప్పబడలేదు. మఱి ఈ 575 ఎట్లు వచ్చినది?

శాసనపరిశోధకుడు తడిపిన కాగితమును రాతిపై పఱచి, గట్టి కుంచెతో కొట్టి, అక్షరపు పల్లములలోనికి దానిని దిగునట్లు చేయును. పైన మసి యద్దినపుడు ఎత్తైన భాగములు నల్లనగును. అక్షరములు తెల్లగా నిలుచును. ఈ అచ్చును ఇంటికి తెచ్చి, తేదీ నిశ్చయముగా తెలిసిన ఇతర శాసనముల లిపితో ఒక్కొక్క యక్షరమును పోల్చి చూచును. తలకట్టు ఎట్లున్నది, కొమ్ము ఏవైపునకు తిరిగినది, ద్విత్వమును ఎట్లు వ్రాసిరి యను ప్రశ్నలు అతనివి. భూశాస్త్రజ్ఞునకు పొరల వరుస యెట్టిదో, లిపిశాస్త్రజ్ఞునకు అక్షరరూపముల వరుస యట్టిది. దీనికి తోడుగా మఱియొక సాక్ష్యము కలదు. అదే ప్రాంతమునందలి మాలెపాడున లభించిన పుణ్యకుమారుని తామ్రశాసనము రేనాటి చోళుల వంశక్రమమును చెప్పుచున్నది. లిపి చూపిన కాలమును, వంశక్రమము చూపిన కాలమును పరస్పరము పొసగినపుడు నిర్ణయమునకు బలము చేకూరును. అయినను ఈ నిర్ణయము సుమారైనదే. యురేనియము గడియారమువలె దీనికి సంఖ్యలో పొరపాటు హద్దును చూపుటకు వీలులేదు. అంతమాత్రమున ఇది ఊహ కాదు. అచ్చు అందఱకును లభ్యము. చదివినవాని వాదమును మఱొకడు అదే యచ్చు నుంచుకొని ఖండింపవచ్చును. ఖండనకు అవకాశమిచ్చుటయే శాస్త్రలక్షణము.

శాసనపరిశోధకుడు పని ముగించిన చోట భాషాశాస్త్రజ్ఞుడు ఆరంభించును. కలమళ్ళ శాసనమున రేనాడు అనుమాట 'రేనాండు' అని కలదు. నేడు మనము పలుకు 'నాడు' అనుమాటలో ఒకప్పుడు పూర్ణమైన అనునాసికధ్వని యుండెననుటకు ఇది సాక్ష్యము. తరువాతి కాలమున అది అరసున్నయై, నేటి వ్యవహారమున అదియు లోపించినది. అరసున్నను ఛాందసులు కల్పించిన చిహ్నమని తలచువారికి ఈ యొక్క మాట చాలును. అట్లే ఆ కాలపు తెలుగు శాసనములలో 'ఴ' అను వర్ణమొకటి కలదు. తమిళ మలయాళములలో నేటికిని నిలిచియున్న ఈ ధ్వని, తెలుగున నన్నయ కాలమునాటికే మాసిపోయినది. అచ్చుల నడుమ అది డకారమైనది. హల్లుతో కలిసినచోట రేఫమైనది. 'కోఴి' కోడియైనది, 'క్ఴింద' క్రిందయైనది. ఒక కోడికూత వెనుక ఇంత చరిత్ర కలదని చెప్పుటకు ఏ యంత్రమును అక్కఱలేదు. కాని సోదరభాషల నన్నిటిని క్రమముగా పోల్చి చూచు శిక్షణ కావలెను.

ఇక చరిత్రపరిశోధనను గుఱించి చెప్పవలెను. గండికోట పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ప్రసిద్ధిచెంది, 17వ శతాబ్ది మధ్యభాగమున గోలకొండ మంత్రియైన మీర్ జుమ్లా వశమైనది. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను దర్శించెను. అతని యాత్రాగ్రంథము 1676లో ముద్రితమైనది. మీర్ జుమ్లా దేవాలయములనుండి తెప్పించిన లోహవిగ్రహములను కరగించి ఫిరంగులు పోయు పనిని ఒక ఫ్రెంచివానికి అప్పగించెననియు, గండికోట ఆలయపు ఆఱు విగ్రహములు మాత్రము ఎంత యత్నించినను కరగలేదనియు అతడు వ్రాసినాడు.

ఈ యొక్క వార్తను పలుశాస్త్రములు పలువిధముల ప్రశ్నించును. చరిత్రకారుడు దానిని వ్రాసినవాడెవడు, తాను చూచి వ్రాసెనా విని వ్రాసెనా, వ్రాసినదానికిని ముద్రించినదానికిని నడుమ ఎంతకాలము గడచినది, అట్లు చెప్పుటవలన ఎవరికేమి ప్రయోజనము అని యడుగును. లోహశాస్త్రజ్ఞుడు విగ్రహముల మేళవింపును గుఱించి యడుగును. శుద్ధమైన రాగి కరగుటకు సుమారు 1085 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమి కావలెను. తగరము చేర్చిన కంచు అంతకంటె తక్కువ వేడిమిలోనే కరగును. కావున ఇతర విగ్రహములను కరగించిన కొలిమి వీనిని కరగింపకుండుటకు లోహపు పరిమాణమో, కొలిమి లోపమో, మఱియేదైన కారణమో యుండవలెను. జానపదవిజ్ఞాని యీ వార్తలోని విగ్రహముల మహిమను నమ్మిన జనుల మనస్సును చూచును. ఈ ముగ్గురిలో ఒకరి సమాధానము మఱొకరి ప్రశ్నను తీర్చదు. అది జరిగినదా యనుట యొక ప్రశ్న. జరుగుటకు వీలున్నదా యనుట వేఱొకటి. జరిగినదని జనులేల నమ్మిరనుట మూడవది.

కల్నల్ మెకంజీ కావలి సోదరులవంటి పండితుల సాయముతో సేకరించిన గ్రామచరిత్రల విషయమునను ఇదే వివేకము అవసరము. కోటను కాకరాజను ప్రభువు కట్టించెనని గండికోట కైఫియతు చెప్పును. కోట పుట్టుకకు ఆ మాటయే ప్రమాణమగునా యని తర్కింపవచ్చును. కాని 19వ శతాబ్ది యారంభమున గండికోటవారు తమ గతమును గుఱించి ఏమి తలచుచుండిరనుటకు దానికి మించిన ప్రమాణము లేదు. ఒకే పత్రము ఒక ప్రశ్నకు బలహీనసాక్షి, మఱొక ప్రశ్నకు ప్రథమసాక్షి.

ఇంతవఱకు చెప్పిన శాస్త్రములు గతమును శోధించునవి. ఈ ప్రాంతపు వర్తమానజీవితముతో నేరుగా ముడిపడిన పరిశోధనలును గలవు. కొండల వయస్సును చెప్పిన ఆ యురేనియమే పులివెందుల సమీపమున తుమ్మలపల్లెలో ఖనిజముగా త్రవ్వబడుచున్నది. అది వేంపల్లె శిలలోని డోలమైటు జాతి సున్నపురాతిలో మిక్కిలి తక్కువ పాళ్ళలో వ్యాపించియున్నది. ఝార్ఖండ్‌లోని జాదుగూడలో ఖనిజమును ఆమ్లముతో కరగించి యురేనియమును వేఱుచేయుదురు. తుమ్మలపల్లెలో ఆ పద్ధతి చెల్లదు. సున్నపురాయి ఆమ్లమును తానే త్రాగివేయును. అందుచే క్షారద్రవముతో కరగించు పద్ధతి నవలంబించి 2012లో కర్మాగారమును నడపనారంభించిరి. నూట తొంబది కోట్ల యేండ్ల నాటి సముద్రపు టడుగు ఎట్టిదో, నేటి రసాయనజ్ఞుని పాత్రలోని ద్రవమెట్టిదో నిర్ణయించినదన్నమాట. శాస్త్రముల పరస్పరాశ్రయమునకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకుట కష్టము.

కాని కథ ఇచటితో ముగియలేదు. వ్యర్థపదార్థములను నిలువచేయు చెఱువునకు సమీపమునందలి కొట్టాల మొదలగు గ్రామముల రైతులు తమ బోరుబావుల నీరు చెడినదనియు, పంటలు దెబ్బతిన్నవనియు ఫిర్యాదు చేసిరి. సంస్థవారు ఆ యారోపణ నంగీకరింపలేదు. ఇచట న్యాయాన్యాయములను తీర్చుట ఈ వ్యాసపు పని కాదు. పరిశోధనదృష్ట్యా గమనింపవలసినది వేఱొకటి. యురేనియముగల శిలలోని నీటిలో సహజముగనే కొంత యురేనియ ముండవచ్చును. కావున నేటి నీటిలో ఎంత యున్నదో కొలిచినంతమాత్రమున అది గనివలన వచ్చినదా, శిలనుండి వచ్చినదా యని తేలదు. గని త్రవ్వక పూర్వము అదే బావిలో అదే నీటిని పరీక్షించి వ్రాసి పెట్టిన లెక్క కావలెను. ఆ లెక్క లేని బావి విషయమున, తరువాత ఎంతటి సూక్ష్మయంత్రమును తెచ్చినను సందేహము పూర్తిగా తీరదు. ఈ ప్రశ్నకు రసాయనశాస్త్రము, భూగర్భజలశాస్త్రము, వైద్యము, వ్యవసాయశాస్త్రము నాలుగును కావలెను. అవి సకాలమున కావలెను.

పులివెందుల రాతినార చరిత్రయు ఇదే పాఠమును చెప్పును. నల్లరాయి కరగి డోలమైటులోనికి చొచ్చినచోట, ఆ వేడిమికి మాఱిన శిలలో పట్టుదారములవంటి రాతినార ఏర్పడినది. భూశాస్త్రమునకు అది చక్కని శిలాపరిణామము. పరిశ్రమలకు అది నిప్పంటని అద్భుతవస్తువు. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి వ్యాధులను, పుండుజాతి రోగములను కలిగించునని వైద్యశాస్త్రము తరువాత నిర్ణయించినది. మొదటి రెండు శాస్త్రములు అబద్ధమాడలేదు. వాని ప్రశ్నలలో కూలివాని ఊపిరి లేదు; అంతియే.

జీవశాస్త్రము నుండియు ఒక యుదాహరణము గ్రహింతము. ఇదే పెన్న మఱింత దిగువకు సాగి సిద్ధవటమువద్ద లంకమల కొండల ప్రక్కగా పోవును. ఆ చిట్టడవులలో నివసించు కలివికోడి యను నిశాచరపక్షిని 1848 ప్రాంతమున శాస్త్రజ్ఞులు వర్ణించిరి. 1900 తరువాత అది వారికి కనబడలేదు. నశించినదని పలువురు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ స్థానికుల సహాయముతో దానిని తిరిగి కనుగొనెను. అడవిలో తిరుగు వేటగాండ్రకు ఆ పక్షి తెలియును. దానికొక తెలుగుపేరును కలదు. శాస్త్రమునకు పోయినది జనులకు పోలేదు. ఆ పిమ్మట పరిశోధకులు అడవిలో అచ్చటచ్చట మెత్తని మట్టిని చదునుగా పఱచి, ఉదయమున దానిపై బడిన అడుగుజాడలను పరీక్షించి పక్షి యున్నచోట్లను గుర్తించిరి. వారి పరిశోధనలవలన పక్షి నివాసముమీదుగా పోనున్న తెలుగుగంగ కాలువ త్రోవ మార్చబడినది. ఇచట పరిశోధనయొక్క కష్టము విలక్షణమైనది. పక్షి కనబడినచో ఉన్నదని చెప్పవచ్చును. కనబడనిచో లేదని చెప్పుటకు ఎన్ని రాత్రులు చాలును?

ఈ యుదాహరణములను ఒకచోట చేర్చి చూచినచో, మొదట ప్రస్తావించిన మూడవ భేదము, అనగా కాలావకాశమునందలి భేదము, స్పష్టమగును. గండికోట పలుగురాయి ఎన్నో కోట్ల యేండ్లుగా నిలిచియున్నది. దాని వయస్సును నేడు కొలువకున్నచో మనుమల కాలమున కొలువవచ్చును, రేణువులెక్కడికిని పోవు. పారిసులో 1676లో ముద్రితమైన గ్రంథమును రేపైనను చదువవచ్చును. కాని గని త్రవ్వక పూర్వపు బావినీరు రేపు దొరకదు. ఎండకును వానకును విడువబడిన శాసనపు అక్షరము ఏటేట కొంత అరుగును. పక్షి మఱియొకసారి నూఱేండ్లు దాగియుండి తిరిగి వచ్చునను నమ్మకము లేదు. కొన్ని పరిశోధనలు నిరీక్షింపగలవు; కొన్ని నిరీక్షింపజాలవు. ధనమును, గౌరవమును, మానవశక్తిని పంచునపుడు మనము ఈ భేదమును పాటించుట లేదు.

దీనికి మిక్కిలి దగ్గఱి యుదాహరణము గండికోట జలాశయమే. గాలేరు నగరి సుజలస్రవంతి పథకమున భాగముగా పెన్నపై నిర్మింపబడిన ఈ జలాశయపు పూర్తి సామర్థ్యము సుమారు 26.85 శతకోటి ఘనపుటడుగులు. కఱవుసీమకు నీరు కావలెననుట నిర్వివాదము. జలాశయమున నీటిమట్టమును పెంచుటచే 2020లో తాళ్ళప్రొద్దుటూరు మొదలగు గ్రామముల ప్రజలు తమ యిండ్లను విడిచి పోవలసివచ్చెను. ఏ మట్టమున ఎంత నీరు నిలుచును, ఎన్ని యెకరములు మునుగును, ఎంత పరిహారము చెల్లవలెను అను లెక్కలు ఇంజనీరులు సిద్ధపఱచిరి. వారి శాస్త్రము వారి ప్రశ్నకు సమాధానము చెప్పినది. కాని మునిగిన ఊరిలో ఇండ్లు మాత్రమే యుండవు. ప్రతి పొలమునకును, వంకకును, దిబ్బకును, కట్టకును ఒక పేరుండును. ఆ పేరులను పలుకు జనులు చెదరిపోయినపుడు, పిలుచుటకు స్థలమును, పిలుచువారును లేక ఆ మాటలు ఒక తరములో మాసిపోవును. రేనాండు అనుమాట రాతిపై చెక్కబడినది గనుక పదునాలుగువందల యేండ్లకు పైగా నిలిచినది. చెక్కబడని మాటకు ఆ భాగ్యము లేదు.

ఇది తెలుగుశాఖలకు చెందిన పని. మార్గమును మన పూర్వులే చూపియున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములను గ్రామగ్రామమునుండి క్రమపద్ధతిలో సేకరించినది; చేనేత పదములకును పిమ్మట ఒక సంపుటము వెలువడినది. మగ్గముల కూడలియైన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతమునకు అట్టి కృషి యెంత అవసరమో చెప్పనక్కఱలేదు. ఒక గ్రామము ఖాళీచేయబడునని నిర్ణయమైన దినముననే, కొలబద్ద పట్టిన ఇంజనీరుతోపాటు ఒక భాషావిద్యార్థియు, ఒక శాసనపరిశోధకుడును, బావినీటిని పరీక్షించు ఒక రసాయనవిద్యార్థియు ఆ గ్రామమునకు పోవుట నియమముగా నేర్పడవలెను. ఇందుకు పెద్ద యంత్రములు అక్కఱలేదు. ధ్వనిముద్రణ సాధనము, కాగితము, మసి, నీటిసీసాలు, ఓపిక చాలును. వ్యయము స్వల్పము, ఆలస్యమునకు మాత్రము పరిహారము లేదు.

శాస్త్రముల వైవిధ్యము విజ్ఞానమునకు లోపము కాదు. అది దానికి రక్ష. ఏ యొక్క శాస్త్రమును తన ప్రశ్నకు వెలుపలి దానిని చూడజాలదు. భూశాస్త్రమునకు కనబడని ఊపిరి వైద్యమునకు కనబడును; జలశాస్త్రమునకు కనబడని మాట భాషాశాస్త్రమునకు కనబడును; గ్రంథస్థశాస్త్రమునకు కనబడని పక్షి వేటగానికి కనబడును. కావున ఒక స్థలమును గుఱించి తీర్పు చెప్పవలసినపుడు, ఆ స్థలమును ఎన్ని శాస్త్రములు చూచినవి యని ముందుగా విచారింపవలెను. అంతకంటెను ముందుగా, వానిలో నిరీక్షింపజాలని శాస్త్రమేది యని విచారింపవలెను. ఆ శాస్త్రమునకు మొదటి యవకాశమిచ్చుట విశ్వవిద్యాలయముల విధి.